సమ్మెనాటి తిండి

కార్మిక శాఖ నుంచి వచ్చినావిడ వెళ్లిపోయింది. అప్పటినుంచీ వీరభద్రం ఒకచోట నిలవలేకపోతున్నాడు. వంటింట్లోకి వెళ్లాడు, వచ్చాడు. కిటికీ తెర తీశాడు, మళ్లీ వేశాడు.

"కాస్త కూర్చోండి, నాకు కళ్లు తిరుగుతున్నాయి," అంది భార్య పద్మ. "ఇంతకీ ఏమందావిడ?"

"డెన్నిస్ సమ్మె నిధి మొత్తం కెసినో జూదంలో పోశాడట. సమ్మె టైమ్‌లో నీకేమైనా ఇచ్చాడా అని అడిగింది. రేపు ఆఫీస్‌కి వచ్చి చెప్తానన్నాను."

పద్మ ముఖం పాలిపోయింది.

అన్నగారు స్పాన్సర్ చేస్తే నడివయసులో అమెరికా వచ్చి, ట్రాయ్ అనే ఊరి దగ్గర కారు సీట్లు కుట్టే ఫ్యాక్టరీలో చేరాడు వీరభద్రం. మాట సరిగ్గా అర్థంకాని ఆ రోజుల్లో వెంట ఉండి పని నేర్పినవాడు డెన్నిస్. యూనియన్ కోశాధికారి కూడా అతనే. కిందటి చలికాలం సమ్మె జరిగినప్పుడు, "నిధి ఖాళీ, ఎవరికీ ఏమీ ఇవ్వలేం" అంటూ మీటింగ్‌లో కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. పద్మ ఆపరేషనై మంచంమీదుంటే మాత్రం, చూడటానికి వచ్చినప్పుడల్లా కిరాణా గిఫ్ట్ కార్డొకటి వీరభద్రం జేబులో కుక్కి, "ఎవరితోనూ అనకు" అనేవాడు.

"కష్టంలో అన్నం పెట్టాడండీ."

"పెట్టాడు. ఎవరి అన్నం పెట్టాడు పద్మా?"

"మనమీదికొస్తే? గ్రీన్‌కార్డ్ వాళ్లం, వెనక్కి పంపేస్తే?"

వీరభద్రం తెల్లారి ఆఫీస్‌కి వెళ్లి ఉన్నదున్నట్టు చెప్పాడు. తెలియక తీసుకున్నారు కాబట్టి మీమీద కేసేమీ ఉండదంది ఆవిడ. అయినా గుండె బరువు దిగలేదు.

కోర్టులో డెన్నిస్ నేరం ఒప్పుకున్నాడు. జైలుశిక్ష వేసి, తిన్నదంతా తిరిగి కట్టమన్నారు. బయట వరండాలో అతను వీరభద్రానికి ఎదురుపడ్డాడు.

"నీకు నేనేం అన్యాయం చేశాను భద్రం?"

"నాకేం చేయలేదు. అదే నన్ను తినేస్తోంది."

ఫ్యాక్టరీ లైన్‌మీద వీరభద్రం పక్కన పనిచేసేది మార్లిన్. ఇద్దరు పిల్లల తల్లి, మొగుడు లేడు. మర్నాడు లంచ్ బ్రేక్‌లో ఆమె ఎదుట కూర్చుని గిఫ్ట్ కార్డుల సంగతి చెప్పేశాడు. మార్లిన్ శాండ్‌విచ్ కింద పెట్టింది.

"ఆ చలికాలం బిల్లు కట్టలేదని మా ఇంట్లో హీటర్ గ్యాస్ కట్ చేశారు. పిల్లలు కోట్లు వేసుకుని పడుకున్నారు. మీ ఇంట్లో ఫ్రిజ్ నిండుగా ఉందన్నమాట."

"నిధిలోంచి ఇస్తున్నాడని తెలీదు మార్లిన్."

"నాకెందుకివ్వలేదని ఒక్కసారైనా అడిగావా?"

అడగలేదు. ఆమె లేచి వెళ్లిపోయింది. సూపర్‌వైజర్‌ని అడిగి వేరే లైన్‌కి మారింది కూడా.

కొత్త కోశాధికారిని ఎన్నుకునే మీటింగ్‌లో ఆమె ముందు వరసలో కూర్చుంది. వీరభద్రం వెనక గోడవారగా నిలబడ్డాడు. గెలిచిన కుర్రాడు నవ్వుతూ, "నన్ను నమ్మండి," అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. ఇన్నేళ్లలో మీటింగ్‌లో ఒక్కమాటైనా మాట్లాడని వీరభద్రం చెయ్యెత్తాడు.

"నమ్మకం సరే. ప్రతి నెలా బ్యాంక్ స్టేట్‌మెంట్ బ్రేక్ రూమ్ గోడకి అంటించాలి. ఎవరికేం ఇచ్చినా అందరికీ తెలియాలి."

కుర్రాడు ఇబ్బందిగా కదిలాడు.

"నేనూ అదే అడుగుతున్నా," అంది మార్లిన్, వెనక్కి తిరగకుండానే.