పసుపు లైటు

కొత్త లారీ చేతికొచ్చిన నాలుగు నెలల్లో మూడోసారి మొరాయించింది. ఇంకోసారి ఆగితే బండి వేరేవాడికి ఇచ్చేస్తానని యజమాని నిన్ననే తెగేసి చెప్పాడు. ఇరవై ఏళ్లు పాత లారీలు నడిపిన డ్రైవరు గుండె చిక్కబట్టుకుని, లారీని ఎలాగోలా బావమరిది మెకానిక్ షెడ్డుకు ఈడ్చుకొచ్చాడు.

"స్టీరింగు ముందు ఆ పసుపు లైటు వెలిగితే ఏం చేస్తున్నావు బావా?"

"రొద పెరిగి, కింద నుంచి వేడి కొడుతుంది. పాపం అలిసిపోయిందని పక్కకు తీసి ఆపేస్తాను."

బావమరిది పకపకా నవ్వాడు. "నీ జాలే దాని కొంప ముంచింది! పొగగొట్టంలో మసి పట్టుకునే ఫిల్టరు ఉంది. అది నిండితే ఆ లైటు వెలిగి, బండే వేడి పెంచి మసిని కాల్చేసుకుంటుంది. నువ్వేమో ప్రతిసారీ సగంలో ఆపేస్తున్నావు. మసి పేరుకుపోయి బండి మొరాయిస్తోంది."

"మరి ఇన్నాళ్లూ ఎవరూ చెప్పలేదే?"

"నువ్వు అడిగావా?"

బావమరిది కంప్యూటరు తగిలించి, మసిని కాల్చే పని మొదలుపెట్టించాడు. ఇంజను రొద పెరిగింది. సీట్లో కూర్చున్న డ్రైవరు చెయ్యి అలవాటుగా తాళం మీదకు పోయింది.

"చెయ్యి తియ్ బావా! అక్కకు ఫోన్ చేస్తా!"

డ్రైవరు రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని బుద్ధిగా కూర్చున్నాడు. అరగంటకు లైటు ఆరింది. ఇంజను కుదుటపడింది.

ఆ లైటు వెలగకుండా చూడమని ఇన్నాళ్లూ డ్రైవరు రోజూ దేవుణ్ణి వేడుకున్నాడు. లారీని బాగుచేసే పనినే వద్దని మొక్కుకున్నాడా? దేవుడు తనమీద కోప్పడి ఉండడు, నవ్వుకుని ఈ బావమరిది దగ్గరికి పంపి ఉంటాడు. డ్రైవరు కిందికి దిగి, మసి అంటిన బావమరిది చేతుల్ని తన రెండు చేతుల్లోకి తీసుకున్నాడు.