తాళం వేసిన తుపాకులు

అమెరికాలో వయొమింగ్ రాష్ట్రం వదిలి ఇల్లినాయ్ వెళ్లాలని తేలిన రోజు నుంచి మా ఆయన ఎల్డన్ నన్ను పెట్టిన తిప్పలు ఇన్నీ అన్నీ కావు. గిన్నెలు ఎలా వస్తాయి, మంచాలు ఎలా వస్తాయి అని ఒక్క మాట అడగలేదు. తుపాకులు ఎలా వస్తాయన్నదే ఆయన దిగులు. ఆయన దిగులు ఆయనది, నా భయం నాది. మా ఊరి ఆసుపత్రి మూతపడ్డాక దేవుడి దయవల్ల నాకు ఇల్లినాయ్‌లో ఒక జైలు ఆసుపత్రిలో నర్సు ఉద్యోగం దొరికింది. ఎంత చిన్న పోలీసు కేసు ఉన్నా లోపల అడుగు పెట్టనివ్వమని వాళ్లు ముందే చెప్పారు. ఎల్డన్‌కి వెల్డింగు పనిలో వంగి లేచి రెండు మోకాళ్లూ అరిగిపోయాయి. ఆపరేషను చేయించాలంటే ఇన్సూరెన్సు కావాలి. అది నా ఉద్యోగంతో వస్తుంది. ఉద్యోగం పోతే మోకాళ్లు కూడా పోయినట్టే.

మా వైపు తుపాకి లేని ఇల్లంటే ఉప్పు లేని ఇల్లే. కానీ దారిలో ఒక్కో రాష్ట్రానిదీ ఒక్కో చట్టం. నేను కూర్చుని ఒక్కో రాష్ట్రం పోలీసులకీ ఫోన్లు చేసి కనుక్కున్నాను. తూటాలు తీసేయాలి. తుపాకులు పెట్టెలో పెట్టి తాళం వేయాలి. తూటాలు ఇంకో చోట, చేతికి అందకుండా ఉండాలి. పసిపిల్లలకి కూడా అర్థమయ్యే మాటలు. మా ఆయనకి మాత్రం ఎక్కలేదు.

"పెట్టెలెందుకే? పరుపుల మధ్య పెడితే ఒక్క గీత కూడా పడదు," అన్నాడు.

"తుపాకి మీద గీత పడకపోవచ్చు, నీ చేతికి బేడీలు పడతాయి."

"మా నాన్న భుజాన వేసుకుని దేశమంతా తిరిగాడు. ఒక్కడూ అడగలేదు."

"మీ నాన్నని చూస్తే జనం పక్క వీధిలోకి తప్పుకునేవాళ్లు. ఇంకెవడు అడుగుతాడు?"

ఒక్కో తుపాకీ తెచ్చి, తెరిచి, ఖాళీగా ఉందని నాకు చూపిస్తేనే పెట్టెలోకి వెళ్లాలని నియమం పెట్టాను. ఎల్డన్‌కి పౌరుషం పొడుచుకొచ్చింది. వంటింటి తలుపు వెనక నుంచి తెచ్చినదాన్ని "ఇది ఖాళీదేనే, ఎన్నేళ్లుగానో ఖాళీదే" అంటూ విసురుగా తెరిచాడు. అందులోంచి ఎర్ర తూటా ఒకటి ఊడిపడి పొయ్యి కిందకి దొర్లింది. మా ఆయన దాన్ని పక్కింటి పిల్లిని చూసినట్టు చూశాడు.

"ఇదెవరిది?" అన్నాడు.

సామాన్లు ఎత్తించడానికి వచ్చిన మరిది రాయ్స్ పడీ పడీ నవ్వాడు. "వదినా, అన్నయ్యని కూడా పెట్టెలో పెట్టి తాళం వేసెయ్. నీకు ప్రశాంతంగా ఉంటుంది."

"వేసేదాన్నే. ఆ గురకకి పెట్టె ఆగదు."

సామాన్ల లారీవాడు తూటాలు ఎక్కించుకోనన్నాడు. సరే, తూటాల డబ్బాలు మా బండి వెనక తగిలించిన ట్రెయిలర్‌లో పెట్టి తాళం వేశాను. తుపాకుల ఇనప్పెట్టెని మా పికప్పు బండి వెనక తొట్టిలో గొలుసుతో బిగించి తాళం వేశాను. రెండు తాళంచెవులూ దారానికి గుచ్చి మెడలో వేసుకున్నాను. ఎల్డన్ మూతి ముడుచుకుని బండి తీశాడు. నెబ్రాస్కా రాష్ట్రం దాటేదాకా ఆ మూతి అలాగే ఉంది.

పెట్రోలు కోసం ఆగిన ప్రతిచోటా కుంటుకుంటూ వెనక్కి వెళ్లి పెట్టెని తట్టి చూసేవాడు. "దానికేమైనా దాహం వేస్తోందా?" అని అడిగితే ఇంకోసారి తట్టేవాడు. అయొవాలో లాడ్జి దగ్గర ఆగాం. పెట్టెని బండి మీద వదిలేస్తే దొంగలు ఎత్తుకుపోతారని గదిలోకి మోయాల్సి వచ్చింది. ఆయనకి మోకాళ్లు లేవు, నాకు నడుం లేదు. మధ్యలో శవపేటికలా ఆ పెట్టె. నాకు ఏడుపొచ్చినంత పనైంది. ఇంత చాకిరీ చేస్తుంటే ఆ మనిషి నోటి నుంచి ఒక్క మంచి మాట రాదు.

మర్నాడు పొద్దున మిసిసిపీ నది దాటి ఇల్లినాయ్‌లో అడుగుపెట్టిన కాసేపటికే వెనక పోలీసు లైట్లు వెలిగాయి. ట్రెయిలర్ వెనక దీపం ఒకటి వెలగడం లేదట. ఆఫీసరు చిన్నపిల్ల, మా అమ్మాయంత ఉంటుంది. పలకరించి, "బండిలో తుపాకులేమైనా ఉన్నాయా?" అని అడిగింది.

ఈ ప్రశ్న కోసమే నేను ఇన్నాళ్లుగా కాచుక్కూర్చున్నాను. పెట్టె ఎక్కడుందో, తూటాలు ఎక్కడున్నాయో గడగడా అప్పజెప్పి, మెడలో తాళంచెవులు తీసి చూపించాను.

"అందరూ మీలా ఉంటే మాకు పనే ఉండదమ్మా," అంది ఆ పిల్ల.

"మీకు పని ఉండదు, నాకు ప్రాణం ఉండదు," అని గొణిగాడు ఎల్డన్. ఆ పిల్ల నవ్వేసింది. ట్రెయిలర్ కాగితాలు చూపిస్తే పంపించేస్తానంది. కాగితాల సంచీ కోసం ఎల్డన్ దిగి, సీటు ముందుకి లాగాడు.

సీటు వెనక పాత రైఫిలు అడ్డంగా పడి ఉంది. పైన ఏ తొడుగూ లేదు.

"మరి అదేంటి?" అంది ఆఫీసరు. ఆమె నవ్వు పోయింది.

"అదా? అది తుపాకి కాదండీ," అన్నాడు ఎల్డన్. "అంటే, తుపాకే అనుకోండి. కానీ అది బండిది."

"బండిదంటే?"

"పాములకీ, నక్కలకీ. బండి కొన్నప్పట్నుంచీ అక్కడే ఉంటుంది. జాకీ లాగా."

ఆ మనిషి అబద్ధం చెప్పడం లేదు. మా వైపు ప్రతి బండిలోనూ సీటు వెనక ఒకటి ఉంటుంది. ఇంట్లో తుపాకులెన్ని అని అడిగితే దాన్ని ఎవరూ లెక్కలోకి తీసుకోరు. కానీ ఇది మా వైపు కాదు. ఆఫీసరు మమ్మల్ని దూరంగా నిలబెట్టి దాన్ని తీసి తెరిచింది. తూటాలు ఒక్కొక్కటిగా ఆమె అరచేతిలోకి వచ్చాయి.

"నిండా తూటాలున్నాయి. పెట్టె లేదు, తాళం లేదు. ఈ రాష్ట్రంలో దీనికి జైలేనండీ," అంది. "ఎవరిదిది?"

"నాది," అన్నాడు ఎల్డన్ వెంటనే. "ఆవిడకి తెలీదు. ఆవిడకి అసలేమీ తెలీదు."

అంటూ నావైపు చూశాడు. ఇన్నాళ్లూ నేను చెప్పింది ఈ మనిషి చెవికి ఎక్కలేదనుకున్నాను. అంతా ఎక్కింది. తానొక్కడే వెళ్తే నా ఉద్యోగం మిగులుతుందని ఆయన చూపులోనే ఉంది.

ఆఫీసరు నావైపు తిరిగింది. "మీకు తెలుసామ్మా, ఇది ఇక్కడుందని?"

పొద్దున లాడ్జి దగ్గర నా కోటు సీటు వెనక పెడుతుంటే ఆ రైఫిలు అడ్డం వచ్చింది. విసుక్కుంటూ ఎత్తి పక్కకి జరిపాను. మెడలో తాళంచెవులు వేలాడుతుండగానే, నా ఈ చేత్తోనే. ఇంతకాలం ఆయన మీద పడిన కోపమంతా ఒక్కసారిగా నామీదకి తిరిగింది. తెలీదంటే సరిపోతుంది. ఒక్క మాట. కానీ ఆ మాటతో ఆ కుంటి మనిషిని ఒంటరిగా పంపించి, నేను బండి తోలుకుంటూ పోవాలి. పైగా నాకేమీ తెలీదట!

"తెలుసు," అన్నాను. "పొద్దున నేనే ఎత్తి పక్కకి పెట్టాను."

"నోరు మూసుకోవే మార్లీస్!" అని అరిచాడు ఎల్డన్.

"పెళ్లయిన దగ్గర్నుంచీ అంటూనే ఉన్నావు. ఎప్పుడైనా మూసుకున్నానా?"

ఆ పిల్ల మా ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. బేడీలు తీసింది, మళ్లీ నడుముకి తగిలించుకుంది. తన కారు వెనక తలుపు తెరిచింది. అక్కడ చోటు ఇరుకు. ఎల్డన్ కూర్చున్నాడు గానీ కాళ్లు లోపలికి మడవలేకపోయాడు. నేను వంగి ఒక్కో కాలూ నెమ్మదిగా ఎత్తి లోపల పెట్టి, అటువైపు తిరిగి వెళ్లి ఆయన పక్కన కూర్చున్నాను.