కళ్ళజోడు పెట్టెలో దాక్కున్న క్రీము

నేను ఒక క్రీము ట్యూబును. గులాబీ రంగు ఒళ్ళు, నెత్తిన తెల్ల మూత. డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదని నా వీపు మీద చీమ తలకాయంత అక్షరాల్లో ఉంటుంది. ఇంతవరకు వాటిని ఎవరూ చదివిన పాపాన పోలేదు. ఏదో మొండి చర్మరోగానికి పదిరోజుల వాడకానికని నన్ను తయారుచేశారు. మందుల షాపు గోవర్ధనం మాత్రం నన్ను ముఖం తెల్లబడే క్రీమును చేసేశాడు.

అక్కడినుంచి కనకవల్లి ఇంటికి వచ్చాను. ఆమె రాజమండ్రిలో ఒక బట్టల షాపులో పట్టు చీరలు భుజాన వేసుకుని చూపించేది. బుగ్గల మీద మంగు మచ్చలు రాగానే ఓనరు ఆమెను తువ్వాళ్ళ వైపు పంపించాడు. తువ్వాలు భుజాన వేసుకుని ఎవరికి చూపిస్తుంది, పాపం! ఎలాగైనా మళ్ళీ పట్టు చీరల దగ్గర నిలబడాలన్నదే ఆమె పట్టుదల.

నేను ఆ ఇంటికి ఏడో ట్యూబును. మా పెద్దన్న పదిహేను రోజుల్లో ఆ ముఖాన్ని తళతళలాడించాడట. తర్వాత మా అసలు గుణం బయటపడింది. ఎండ తగిలితే ఎరుపు, నవ్వితే మంట. మానేస్తే ఇంకా మంట కాబట్టి మళ్ళీ మేమే గతి! మా వంశం తెలివితేటలు అలాంటివి.

చివరికి చర్మం డాక్టరు దగ్గర పేరు రాయించుకుంది. క్లినిక్ అమ్మాయి ఫోన్ చేసి, "రేపు ముఖానికేమీ పూసుకోకుండా రండి మేడం. ఇప్పటిదాకా వాడినవన్నీ పట్టుకురండి" అంది.

కనకవల్లి ఏం చేసిందో తెలుసా? పొద్దున్నే పౌడరు దట్టంగా అద్దుకుంది. "డాక్టరమ్మ దగ్గరికి ఈ ముఖంతో ఎలా వెళ్తాం?" అని అద్దాన్నే అడిగింది. సున్నిపిండి, కలబంద గుజ్జు, పన్నీరు సంచిలో దర్జాగా కూర్చున్నాయి. నన్ను మాత్రం కళ్ళజోడు పెట్టెలో కుక్కింది. తిట్లు తప్పాయని నేనూ లోపల మురిసిపోయాను.

డాక్టర్ షమీమ్ తడి దూదితో ఆ పౌడరంతా తుడిచేసి, బుగ్గను వెలుతురులో చూసింది.

"ఇంకేమైనా రాశారా?"

"అబ్బే, లేదండి. సున్నిపిండేనండి. పెళ్ళిళ్ళ సీజనొచ్చేస్తందండి, ఇయ్యాలే ముఖమ్మీద పైతోలు ఊడగొట్టే ఆ పీలింగేదో చేసేయండి."

"చేయొచ్చు. కానీ ఘాటు క్రీములు రాసిన ముఖమైతే కాలుతుంది. ఇప్పుడున్న మచ్చలకన్నా నల్లటి మచ్చలు పడతాయి. మరి ఏమీ రాయలేదంటున్నారు కదా!"

కళ్ళజోడు పెట్టె టక్కున తెరుచుకుంది.

"ఇదొక్కటేనండి... అంటే... ఇది ఏడోదండి."

"ముందే చెప్పొచ్చుగా?"

"మీరేవనుకుంటారోనని సిగ్గేసిందండి."

డాక్టరు తిట్టలేదు, పీలింగూ చేయలేదు. నా వాడకం ఎలా మానాలో చీటీ మీద వివరంగా రాసిచ్చి, నన్ను బల్లమీది గాజు సీసాలో పడేసింది. అందులో అప్పటికే మా చుట్టాలు బోలెడుమంది! ఇప్పుడు ఎవరైనా "ఏమీ వాడలేదండి" అనగానే డాక్టరు ఆ సీసాను మెల్లగా ముందుకు జరుపుతుంది. మరుక్షణం వాళ్ళ చెయ్యి సంచిలోకి వెళ్తుంది.

ఐదు నెలల తర్వాత కనకవల్లి మళ్ళీ వచ్చింది. పౌడరు లేదు. మచ్చలు పూర్తిగా పోలేదు, మంట పోయింది.

"నిన్నట్నుంచి మళ్ళీ పట్టు చీరలేనండి!"

డాక్టరు చీటీ రాస్తుంటే ఆమె సీసా మీదికి వంగింది. నలిగిన తోకను బట్టి నన్ను గుర్తుపట్టింది. కళ్ళు చికిలించి, బుగ్గలు ఉబ్బించి, నాలుక బారెడు బయటపెట్టి వెక్కిరించింది. నాకు కోపం రాలేదు. నేను బుగ్గల మీద ఉన్నన్నాళ్ళూ పాపం ఆమె ముఖం అంతలా కదపలేకపోయేది.