అత్తగారు చూసిన మెరుపు

సముద్రం పోటెత్తి లాంచీలు ఆగిపోయిన వారంలోనే అవతలి దీవి నుంచి కబురొచ్చింది. అత్తగారి అక్కకు గుండెజబ్బు ముదిరిందట. "చెల్లెల్ని ఒక్కసారి చూడాలని ఉంది" అన్నదట. గాలి కాస్త తెరిపిచ్చిన ఉదయం వెళ్ళడానికి ఉన్న దారి ఒక్కటే, నలుగురు పట్టే చిన్న విమానం. దాని బాగోగులు చూసే మెకానిక్కు ఎవరో కాదు, ఆవిడ కోడలే.

కోడలు ఆ ఉద్యోగంలో చేరి ఏళ్ళు గడిచినా అత్తగారు ఒక్కనాడూ విమానం ఉంచే షెడ్డు వైపు రాలేదు. ఇంటికొచ్చి ఎంత తోమినా వదలని గోళ్ళకింది నలుపు, చీకటితో లేచి వెళ్ళడం, ఆవిడకు తెలిసినంతవరకు కోడలి పనంటే అంతే. ఆ రోజు మాత్రం సంచి ఒళ్ళో పెట్టుకుని, బెల్టు బిగించుకుని, కళ్ళు గట్టిగా మూసుకుని విమానంలో కూర్చుంది.

పైలట్ ఇంజిన్ వేడెక్కించాడు. పైకి లేచేముందు చేయవలసిన పరీక్ష ఒకటుంది. తాళంచెవి ఒక గడి పక్కకు తిప్పగానే విమానం చలిజ్వరం వచ్చిన మనిషిలా వణికింది. మళ్ళీ తిప్పి చూశాడు. అదే వణుకు. ఇంజిన్ ఆపేశాడు.

"కాస్త ఆగాలి అమ్మగారూ. ఇంజిన్‌లో నిప్పురవ్వ కొట్టే ప్లగ్గు ఒకటి మొరాయిస్తోంది."

అత్తగారు కళ్ళు తెరిచింది. బెల్టు విప్పుకుంది. సంచి పట్టుకుని దిగిపోయింది.

"నేను రానమ్మాయ్. లాంచీలు మొదలయ్యాక వస్తానని అక్కకి ఫోన్ చేసి చెప్పు" అంది కోడలితో.

కోడలు వాదించలేదు. "అలాగే అత్తయ్యా. మిమ్మల్ని దింపడానికి కారు వచ్చేదాకా ఇలా కూర్చోండి" అని షెడ్డులో తన బల్ల పక్కన కుర్చీ వేసింది.

ఇంజిన్ చల్లారాక ప్లగ్గులన్నీ ఒక్కొక్కటే విప్పి, చిల్లులున్న చెక్క పళ్ళెంలో నిలబెట్టింది. ఏది ఎక్కడిదో కలిసిపోకుండా ప్రతి చిల్లు దగ్గరా గుర్తు ఉంది. అత్తగారు చూడకూడదనే అనుకుంది. కానీ ఖాళీగా కూర్చున్న మనిషి ఎంతసేపని గోడకేసి చూస్తుంది?

"ఇన్నెందుకే?"

"నాలుగు సిలిండర్లు. ఒక్కోదానికి రెండేసి. ఒకటి మూలపడ్డా రెండోది వెలిగిస్తుంది."

"తోడికోడళ్ళన్నమాట. ఒకత్తె అలిగి పడుకున్నా ఇంకొకత్తె పొయ్యి రాజేస్తుంది."

కోడలు నవ్వు ఆపుకోలేకపోయింది. "అంతే అత్తయ్యా. పైలట్ గారు తాళంచెవి తిప్పింది అందుకే. ఒక వరసని ఆపి, రెండో వరస ఒక్కతే మొయ్యగలదా అని చూస్తారు. ఇదిగో, అలిగిందెవరో దొరికింది."

ఆ ప్లగ్గును దీపం కిందికి తెచ్చింది. కొసన ఉన్న సన్నని సందులో ఆవగింజంత బూడిదరంగు పూస ఇరుక్కుని ఉంది. పెట్రోలులో ఉండే సీసం అలా గడ్డకడుతుందని, దాన్ని పట్టుకుని కరెంటు నిప్పురవ్వ కొట్టకుండానే జారిపోతుందని చెప్పింది. అత్తగారు ఆ పూసను, తర్వాత తలుపులోంచి కనిపిస్తున్న విమానాన్ని చూసింది. అంతదాన్ని వణికించింది ఇదా అనుకుంది.

కోడలు సన్నటి పుల్లలాంటి పనిముట్టుతో పూసను కదిపి తీసింది. లోపలి తెల్లని పింగాణీకి అది తగలకుండా ఊపిరి బిగబట్టి తీస్తుంటే అత్తగారు కూడా తెలియకుండానే ఊపిరి బిగబట్టింది. తర్వాత ఇసుక చిమ్మే యంత్రంలో క్షణం పెట్టడం, గాలి కొట్టి రేణువు మిగలకుండా చూడటం, మరలు బ్రష్షుతో తోమడం, సందులో కొలత రేకు పెట్టి చూడటం. ఒకటయ్యాక ఇంకొకటి. కారు వచ్చి హారన్ కొట్టింది. అత్తగారు చేత్తో ఆగమని సైగ చేసింది.

చివరికి కోడలు ఒక ప్లగ్గును చిన్న ఇనుప పెట్టెకు బిగించి, గాలి ఒత్తిడి పెంచింది. "మామూలు గాలిలో ఏ ప్లగ్గయినా మెరుస్తుంది. సిలిండర్ లోపలి ఒత్తిడిలో మెరవాలి. ఈ అద్దంలోంచి చూడండి."

అత్తగారు కళ్ళజోడు సర్దుకుని వంగింది. చీకట్లో నీలంగా ఒక చుక్క పుట్టింది. పోయింది. మళ్ళీ పుట్టింది. వర్షాకాలపు మెరుపునెవరో గోరంత చేసి సీసాలో దాచినట్టుంది. ఆవిడ ఎంతకీ తల ఎత్తలేదు.

"గాల్లో ఉన్నప్పుడు ఎన్నిసార్లు ఇలా?"

"గడియారం ఒక్కసారి టిక్కుమనేలోపు, ఒక్కోటీ ఇరవై సార్లు."

"దిగేదాకా?"

"దిగేదాకా."

తుడిచిపెట్టిన ప్లగ్గు ఒకటి చేతిలోకి తీసుకుని చూడబోయింది అత్తగారు. అది వేళ్ళ మధ్య నుంచి జారి సిమెంటు నేల మీద పడింది. ఆవిడే గబగబా తీసి, తిప్పి చూసి, "ఏం కాలేదు, గీతైనా పడలేదు" అంటూ అందించింది.

కోడలు దాన్ని పట్టుకారలో బిగించి, సుత్తితో ఒక్క దెబ్బ వేసింది. మరలు చితికిపోయాయి.

అత్తగారి ముఖం చిన్నబోయింది. "నా మీద కోపమా?"

"అయ్యో, కాదత్తయ్యా. నా చేతిలోంచి పడ్డా ఇదే చేస్తాను. లోపల వెంట్రుకంత పగులుంటే కంటికి కనపడదు. పైకి బాగానే ఉంది కదా, అదే భయం. ఎవరో ఒకరు తీసి బిగించేస్తారు."

బీరువాలోంచి కొత్తది తీసి, దాన్నీ మిగతావాటిలాగే పరీక్షించింది. ప్లగ్గులన్నిటికీ కొత్త రాగి వలయాలు తొడిగి ఇంజిన్‌కు బిగించింది. పొడుగాటి స్పానరు సరైన బిగువు దగ్గర టక్కుమన్న ప్రతిసారీ అత్తగారు తల ఊపింది.

"నువ్వెక్కుతావా దీంట్లో?" అని అడిగింది చివరికి.

"ఎక్కుతాను."

"అయితే నా పక్కన కూర్చో. ఆ కారతన్ని వెళ్ళిపొమ్మను."

ఈసారి పైలట్ తాళంచెవి తిప్పినప్పుడు ఇంజిన్ గొంతు కొంచెం తగ్గిందంతే, వణకలేదు. నేల పరుగెత్తి, చటుక్కున ఊడిపోయింది. అత్తగారు కోడలి చెయ్యి పట్టుకుంది కానీ కళ్ళు మూసుకోలేదు.

కింద సముద్రం తెల్లని నురగలతో ముడతలు పడిన దుప్పటిలా ఉంది. దాని మీద తమ నీడ ఈగంతై పాకుతోంది. చుట్టూ పట్టుకోవడానికేమీ లేదు. ఇంతమందిని, ఇంత ఇనుమును, ఇన్ని నీళ్ళ మీద నిలబెట్టింది ఎదురుగా ఇంజిన్ మీది రేకు వెనక చీకట్లో పుట్టి పోతున్న నీలం చుక్కలేనని తలుచుకుంటే ఆవిడ ఒళ్ళు ఝల్లుమంది. ఇప్పుడు మెరిసింది. ఇప్పుడూ మెరిసింది. వాటిని లెక్కపెట్టే మనిషి లేడు. పక్కకు తిరిగి కోడలి ముఖం చూసింది, అప్పుడే పరిచయమైన మనిషిని చూసినట్టు.

"ఏంటత్తయ్యా?" కోడలు చెవి దగ్గరకొచ్చి అడిగింది.

"ఏం లేదు" అంది. ఆ హోరులో అది కోడలికి వినిపించలేదు.

అవతలి దీవిలో కంచె పక్కన బెంచీ మీద అక్క శాలువా కప్పుకుని కూర్చుంది. బాగా చిక్కిపోయింది. చెల్లెల్ని దగ్గరికి లాక్కుని రెండు చేతులూ పట్టుకుంది.

"చేతులు ఐసుముక్కల్లా ఉన్నాయేమే? భయమేసిందా?" అంది.

"వేసింది."

"పైన ఏముంటుందే?"

అత్తగారు చెప్పబోయి ఆగింది. మళ్ళీ ప్రయత్నించింది. "వెలుతురక్కా" అంది. "చాలా వెలుతురు."

అక్క ఆ తర్వాత ఇంకో వేసవి చూసింది. ఆలోగా అత్తగారు చాలాసార్లు సముద్రం దాటి వెళ్ళింది, లాంచీలు నడిచే రోజుల్లో కూడా విమానంలోనే.