గోడకుర్చీ

ముప్పై రెండేళ్ళు డ్రిల్లు మాస్టారుగా పనిచేసిన సీతారామాంజనేయులు గారికి వ్యాయామం నేర్పడానికి పాతికేళ్ళు నిండని పిల్ల బయలుదేరింది. తాతకు దగ్గులు నేర్పడమంటే ఇదే. ఆ మాట ఆయన ఆటోలో నాలుగుసార్లు అన్నారు.

బాపట్ల దగ్గర జిల్లా పరిషత్ హైస్కూల్లో రిటైరై, నానక్‌రామ్‌గూడలో కొడుకు ఇంటికొచ్చేశారు మాస్టారు. మూడేళ్ళుగా మోకాళ్ళు ఆయన మాట వినడం మానేశాయి. ఆరు వారాలు వ్యాయామం చేసి చూడండి, తగ్గకపోతే ఆపరేషనే అన్నాడు పెద్ద డాక్టరు. కత్తి అంటే మాస్టారికి హడలు, పైకి చెప్పరు. అందుకే కోడలు ప్రవీణ గచ్చిబౌలిలోని ఫిజియోథెరపీ క్లినిక్కుకు పదమంటే గొణుక్కుంటూనే వచ్చారు. పదేళ్ళ మనవరాలు రసజ్ఞ కూడా వెంటపడి వచ్చింది.

హాలు నిండా మెడలూ నడుములూ పట్టేసిన సాఫ్ట్‌వేర్ కుర్రకారు. వాళ్ళను చూడగానే మాస్టారికి కాస్త హుషారొచ్చింది.

"నిటారుగా నిలబడ్డం ఒక్కడికీ రాదమ్మా" అన్నారు.

"మెల్లగా మామయ్యగారూ, వింటారు" అంది ప్రవీణ.

రోహిణి అనే ఆ పిల్ల ఆయన మోకాళ్ళు నొక్కి చూసింది. "తొడల్ల బలం పోయింది సార్. బరువంత మోకాళ్ళ మీదనే పడుతున్నది. గోడకు వీపు ఆనిచ్చి, కుర్చీల కూసున్నట్టు జర కిందికి జారండి."

మాస్టారు జారలేదు. గోడ వంక చూస్తూ నిలబడిపోయారు.

"మా స్కూల్ల దీన్ని గోడకుర్చీ అంటుండె. హోంవర్క్ చెయ్యకుంటే నేను గూడ వేసిన" అని నవ్వింది రోహిణి. "మీరు డ్రిల్లు సారంట కదా, మీకు తెల్వదా? పిల్లలతోని ఎంతసేపు చేయిస్తుంటిరి?"

"అర నిమిషం" అన్నారు మాస్టారు.

"మంచిది. మీరు గూడ మెల్లగ అర నిమిషానికి రావాలె. నొప్పి ఎక్కువైతే మాత్రం వెంటనే లేవాలె. ఓర్చుకునుడు వద్దు."

అబద్ధం ఎంత నున్నగా వచ్చిందో తలుచుకుంటే ఇంటికొచ్చే దారంతా ఆయన చెవులు మండాయి. అర నిమిషమట.

ఏడో తరగతి ఏడుకొండలు ఒకసారి ఆగస్టు పదిహేను పరేడ్ రిహార్సలుకు తెల్ల బూట్లు లేకుండా వచ్చాడు. వరండాలో వాడిచేత గోడకుర్చీ వేయించి, "నేను లే అనేదాకా కదిలావో చూడు" అని చెప్పి, మాస్టారు హెడ్మాస్టరు గదిలోకి టీకి వెళ్ళారు. రేడియోలో క్రికెట్ వస్తోంది. కుర్రాడి సంగతే మరిచిపోయారు. ముప్పావుగంట తర్వాత వచ్చి చూస్తే వాడు అలాగే ఉన్నాడు. కాళ్ళు గజగజా వణుకుతున్నాయి. లాగు తడిసి నేల మీద మడుగు కట్టింది. చుట్టూ పిల్లలు నవ్వుతున్నారు. మాస్టారూ నవ్వారు. బూట్లు కొనే స్తోమత వాళ్ళింట్లో లేదని ఆయనకు ఆరోజూ తెలుసు. ఆ నవ్వు గురించి ఇన్నేళ్ళలో కట్టుకున్న మనిషికి కూడా చెప్పుకోలేదు.

ఇంటికి రాగానే రసజ్ఞ ఒక కాగితం మీద తాతగారి పేరు పూర్తిగా రాసి, తేదీకో గడి గీసి హాల్లో గోడకు అంటించింది. రోజూ ఫోను పట్టుకుని సెకండ్లు లెక్కపెట్టి గడిలో రాస్తుంది. మొదటిరోజు ఏడు. పదో రోజుకు పందొమ్మిది. నిజం చెప్పాలంటే నొప్పి తగ్గుముఖం పట్టింది కూడా. ఇంట్లో అందరికీ సంతోషమే, ఆయనకు తప్ప. గోడకు వీపు ఆనినప్పుడల్లా ఆయనకు ఆ వరండాయే కనిపిస్తోంది.

పదకొండో రోజు గోడకుర్చీ వేసిన తాతగారి పక్కనే రసజ్ఞ చతికిలబడి, "ఇంకొంచెం తాతయ్యా. మీ స్కూలు పిల్లలు అర నిమిషం ఉండేవాళ్ళన్నావుగా" అంది.

"అర నిమిషం కాదమ్మా. ఒకడు ముప్పావుగంట ఉన్నాడు."

"ముప్పావుగంటా? మధ్యలో లేవచ్చుగా."

"మాస్టారు లే అనలేదు."

"ఆయనకి తెలీదా, నొప్పి పుడుతుందని?"

"తెలుసు. నొప్పి పుట్టాలనే వేయించాడు. ఆఖర్న వాణ్ణి చూసి నవ్వాడు కూడా."

రసజ్ఞకు కోపం వచ్చింది. "ఆయన పేరేంటి?"

తప్పించుకోవాలంటే పేర్లకేం కరువు. ఆయన నోట్లోకి ఒకటి వచ్చింది కూడా. మింగేశారు.

"సీతారామాంజనేయులు" అన్నారు.

రసజ్ఞ గోడ మీది కాగితం వైపు చూసింది. తర్వాత తాతగారి మోకాళ్ళ వైపు చూసింది. అవి వణుకుతున్నాయి. ఫోనులో ముప్పై దాటి, నలభై దాటింది. ఆయన లేవడం లేదు.

"చాలు తాతయ్యా" అంది చివరికి, ఆయన ముఖం చూడకుండా. "లే."

ఆయన గోడ పట్టుకుని లేచారు. ఆరోజు గడిలో రసజ్ఞ ఏమీ రాయలేదు.