బకెట్‌కి ఐదు స్టార్లు

ఊరందరికీ వార్తలు చెప్పే పని చివరికి ఒక ప్లాస్టిక్ బకెట్ నెత్తిన పడింది. ఇరవై లీటర్లది, నీలం రంగు, మూత ఉచితం. బస్సు డిపో గేటు దగ్గర కాల్పులు జరిగిన మర్నాటి నుంచి టీవీలు పాత పాటలూ వాతావరణమూ తప్ప ఇంకేమీ చూపించడం లేదు. పేపర్లు మొదటి పేజీలో కీళ్ళనొప్పులకి చిట్కాలు రాస్తున్నాయి. ఫోన్లలో మెసేజీలు కదలవు, వార్తల సైట్లు తెరుచుకోవు. ఆన్‌లైన్ దుకాణం జోలికి మాత్రం ఎవరూ పోలేదు. జనం చెప్పులూ దుప్పట్లూ కొనుక్కుంటూ ఉంటే ఊరు చల్లగా ఉన్నట్టేనని పైవాళ్ళ లెక్క. సిగ్గూ ఎగ్గూ లేని లెక్క.

ఆ దుకాణంలో, బకెట్ బొమ్మ కింద, కొన్నవాళ్ళు అభిప్రాయాలు రాసే చోట డిపో వాళ్ళు వార్తలు రాయడం మొదలుపెట్టారు. "పిడి గట్టిగా ఉంది" అని ఎవరో ఇల్లాలు మెచ్చుకున్న ముక్క కిందే "గేటు దగ్గర పోయినవాళ్ళు నలుగురు, ఐదో అతనికి ఆపరేషన్ జరుగుతోంది" అని ఉండేది. దానికీ ఐదు స్టార్లే. ఎవరిని ఏ వ్యాన్లో ఎక్కించారు, ఏ స్టేషన్లో దింపారు, ఎవరి తల్లి ఏ గేటు దగ్గరికి వెళ్ళి అడగాలి, అన్నిటికీ ఐదేసి స్టార్లు. వీధిలో ఎవరెదురుపడినా "బకెట్ చూశావా?" అన్నదే పలకరింపు అయింది.

ఐదే ఎందుకంటే, ఆ దుకాణం పద్ధతి అలాంటిది. ఒకటో రెండో స్టార్లు ఇస్తే అది తిట్టే అయి ఉంటుందని ముందు ఒక మనిషి చదువుతుంది. ఐదు ఇస్తే పొగడ్తే కదా అని దానంతట అదే పైకెక్కిపోతుంది. ఆ చదివే మనుషుల్లో ఒకామె ఈ కథకి అక్క. ఊరికి ఆమె ఎవరైనా కావచ్చు, ఇక్కడ మాత్రం డిపోలో మెకానిక్ పని చేసే ఒకడికి అక్క. ఆ పద్ధతి డిపో దాకా పాకడానికి కారణం కూడా ఆమే. ఎప్పుడో భోజనాల దగ్గర నవ్వుతూ అంది, "మా దగ్గర ఐదు స్టార్లు పెట్టి బూతులు రాసినా ఎవడూ చూడడురా." తమ్ముడు అప్పుడు అన్నం కలుపుకుంటూ విననట్టే ఉన్నాడు.

బకెట్ సంగతి ఆఫీసులో బయటపడ్డ సాయంత్రం ఆమె ఇంటికొచ్చి తమ్ముడి మీద విరుచుకుపడింది.

"నా నోటి దగ్గర కూడు లాగేశావు కదరా! ఆ మాట బయటికెలా వెళ్ళిందని రేపు నన్నడిగితే ఏం చెప్పను?"

"నిజం చెప్పు. నీ ఉద్యోగం మా శవాలు తుడిచెయ్యడమే కదా."

"చావండి. అందరూ కట్టకట్టుకుని చావండి. నువ్వు పోయినా నాకు పట్టదు."

అతను చెప్పులు వేసుకుని వెళ్ళిపోయాడు. అది జరిగి ఆరు రోజులు. మళ్ళీ ఇంటికి రాలేదు.

ఆ ఆరు రోజులూ ఆఫీసులో మరో రకం నరకం. సూపర్‌వైజర్ని అందరూ వెనకాల చీపురు అంటారు. పొద్దున వచ్చీ రాగానే "శుభ్రం చెయ్యండి, శుభ్రం చెయ్యండి" అని గొణుగుతూ కుర్చీల మధ్య తిరుగుతాడు కాబట్టి. ఇక మీదట ఐదు స్టార్లవి కూడా చదివే తీరాలన్నాడు. బకెట్‌ని అక్కకే అప్పగించాడు. బకెట్టే దుకాణంలోంచి తీసేస్తే పోయేది కదా అని ఆమె అంటే, తీసేస్తే భయపడ్డట్టు కనబడుతుందని పైనుంచి చెప్పారట.

మొదటి రెండు రోజులూ ఆమె ప్రతి ముక్కా చదివింది. తమ్ముడి పేరు కోసమే చదివింది. ప్రతి వరుసలోనూ ఆ పేరు ఉంటుందేమోనని భయం. మూడో రోజుకి ఆ బాధ పడలేకపోయింది. "డిపో" అన్న మాట ఉన్నవన్నీ వెతికి, ఒకేసారి రెండేసి వందలు ఎంచుకుని, ఒక్క నొక్కుతో తీసెయ్యడం నేర్చుకుంది. చీపురు భుజం తట్టాడు కూడా. వాడి మెప్పు ఎవడిక్కావాలి! ఆమెకి కావలసింది వేరు. చదవనంత సేపూ తమ్ముడు ఏ స్నేహితుడి గదిలోనో అలిగి పడుకుని ఉన్నట్టే. పిరికితనమని ఆమెకి తెలుసు. తెలిసే చేసింది.

అమ్మకి ఇదేమీ తెలియదు. కూతురు చిరిగిన చొక్కాల గురించీ పగిలిన కప్పుల గురించీ ఫిర్యాదులు చూస్తుందనే అనుకుంటుంది. రోజూ డిపో దాకా నడిచి, కాపలా వాళ్ళ చేత చీవాట్లు తిని వస్తుంది.

ఏడో రోజు మధ్యాహ్నం బకెట్ కింద ఒక్క స్టారుతో ఒక ముక్క వచ్చింది. అన్ని రోజుల్లో ఒక్క స్టారు ఇచ్చినవాళ్ళు ఎవరూ లేరు. దానిలో "డిపో" అన్న మాట లేదు కాబట్టి వందల్లో కలిసిపోక విడిగా కనబడింది. అక్క చదివింది.

"బకెట్ మంచిదే అయ్యుంటుంది, నేను కొనలేదు, ఏమీ అనుకోకండి. మా అబ్బాయి బస్సుల మెకానిక్. ఎడమ చెవి కింద కాలిన మచ్చ ఉంటుంది. వాణ్ణి ఎక్కడ ఉంచారో నిన్న ఎవరో ఇక్కడ రాశారట. పక్కింటి టైలరమ్మ నన్ను కేకేసి పిలిచేలోపే అది మాయమైంది. రాసిన మహానుభావులు మళ్ళీ రాయండి. ఐదు స్టార్లు పెట్టాలని టైలరమ్మ చెప్పింది. నాకు చెయ్యి రాలేదు."

కింద ఉన్న ఖాతా అక్కదే. అమ్మ ఫోన్లో ఆమే తన ఖాతా పెట్టి ఇచ్చింది.

నిన్న రెండు వందల చొప్పున ఎన్నిసార్లు నొక్కిందో ఆమెకి గుర్తు లేదు. లేచి చీపురు బల్ల దగ్గరికి వెళ్ళింది.

"సార్, నిన్న తీసేసినవి ఒక్కసారి చూడాలి."

"ఎందుకూ?"

"ఒక ముక్క కావాలి."

"అవి మన దగ్గరుండవు. రాసినవాళ్ళ ఫోన్ నంబర్లతో సహా సాయంత్రానికల్లా పైకి వెళ్ళిపోతాయి. పైన ఏం చేసుకుంటారో నేనడగను, నువ్వూ అడక్కు."

"నంబర్లు కూడానా? మాకెప్పుడూ చెప్పలేదే!"

"చెప్తే నొక్కుతారా మీరు?" అని నవ్వాడు.

అతని మొహం మీద ఉమ్మాలనిపించింది. తర్వాత ఎవరి మొహం మీద ఉమ్మాలో ఆలోచించి ఊరుకుంది. కుర్చీలోకి తిరిగి వచ్చి, అమ్మ రాసినదాని పక్కన "ఉంచు" నొక్కింది. ఆ కింద వరుసగా ఉన్నవన్నీ, ఈసారి ఒక్కొక్కటీ చదువుతూ, "ఉంచు" నొక్కుతూ పోయింది. నలభై దాకా అయ్యాక చీపురు వచ్చి కంప్యూటర్ కట్టేశాడు.

"నీ ఖాతా నుంచే రాయించావన్నమాట."

"మా అమ్మ రాసింది."

"కార్డు ఇక్కడ పెట్టి వెళ్ళు. ఇంత పొగరు ఎక్కణ్ణించొచ్చింది నీకు?"

"ఆలస్యంగా వచ్చింది," అని మెడలో కార్డు తీసి అతని బల్ల మీదికి విసిరింది.

ఆమె ఇల్లు చేరేసరికి అమ్మ మంచం అంచున కూర్చుని, ఫోన్ తెరని వేలితో కిందికి లాగుతూ ఉంది. అప్పటికే చాలాసార్లు లాగినట్టుంది, వేలు దానంతట అదే కదులుతోంది. పక్కన టైలరమ్మ మెడలో టేపు తియ్యకుండానే వచ్చి కూర్చుంది.

"నేను రాసింది కాసేపు ఉంది, మళ్ళీ పోయిందే," అంది అమ్మ. "కన్నతల్లి రాసింది తీసెయ్యడానికి వాడికి చేతులెలా వచ్చాయో! ఆ చేతులు పడిపోను. పురుగులు పట్టి పోను."

"మీవాడి సంగతి రాసినాయన కాసేపట్లో మళ్ళీ రాస్తాడులే పిన్నీ," అంది టైలరమ్మ. "ఒకసారి రాసినవాడు రెండోసారి రాయడా?"

ఆ రాసినతని నంబరు నిన్న సాయంత్రమే పైకి వెళ్ళిపోయిందని ఆ గదిలో ఒక్కరికే తెలుసు. అక్క గోడకి ఆనుకుని నిలబడింది.

"అతను రాయడమ్మా. ఇంక రాయలేడు. నిన్నటిది తీసేసింది నేనే. నా ఉద్యోగం అదే."

అమ్మ కొడుతుందనుకుంది. కొడితే బాగుండుననుకుంది. టైలరమ్మ లేచి రెండడుగులు వెనక్కి వేసింది. అమ్మ మాత్రం ఫోన్ మంచం మీద పడేసి వచ్చి కూతురి రెండు చేతులూ గట్టిగా పట్టుకుంది. వారం రోజులుగా లేని వెలుగు ఆ మొహంలోకి వచ్చింది.

"నువ్వేనా? అయితే నీకు తెలుసు కదే! చూసే కదా తీసుంటావు? ఎక్కడున్నాడని రాశారు? పద, ఇప్పుడే వెళ్దాం."

"చదవలేదమ్మా," అంది అక్క.