పసుపు జెండా మీద పూలు

మా అమ్మ వీరదుర్గకు చదువు రాదు. బందరు రేవులో చేపలు కొని ఊళ్లలో అమ్ముతుంది. ఏ బోటు తిరిగొస్తోందో ఫోన్లో మెసేజ్ వస్తుంది గానీ, అది నేను చదివి చెప్పాలి. నేను బడికెళ్తే పక్కవాళ్లను అడగాలి. వాళ్లు తమ బేరం ముగించుకున్నాక చెప్తారు.

అదే సముద్రంలో అయితే, చుక్కంత దూరాన ఉన్న బోటును కూడా జెండా చూసి గుర్తుపట్టేస్తుంది. అందుకే టెన్త్ దసరా సెలవుల్లో నా డైరీలో ఫోన్ తెరలు గీశాను. పేర్లు లేవు. జెండా, పక్కన చేప బొమ్మ, అంతే. అమ్మ ముందు పెడితే కాగితమని మర్చిపోయి వేలితో నొక్కింది.

పక్కింటి వందనక్క గుడివాడలో ఇంజినీరింగ్ చదువుతోంది. ఆ బొమ్మలు చూసి, "ఇలా గీయడం ఒక ఉద్యోగమే పిచ్చిదానా! యూఎక్స్ డిజైనర్ అంటారు," అంది. ఆ రోజు డైరీలో ఆ మాట మూడుసార్లు రాసుకున్నాను. వాళ్ల కాలేజీ పోటీలో ఇద్దరి పేర్లతో పెడదామంది. గెలిస్తే వేసవిలో డిజైన్ నేర్పే క్యాంపులో సీటట. డైరీ ఇచ్చేశాను.

పోటీ చూడ్డానికి నన్నూ తీసుకెళ్లింది. చివరి వరసలో కూర్చున్నాను. తెర మీద నా జెండాలే. కింద ఒక్కటే పేరు, వందన. నా పేరు తర్వాతి పేజీలో ఉంటుందేమో అనుకున్నాను. అదే ఆఖరి పేజీ.

"అన్నీ సాదా జెండాలే. ఈ పసుపు దాని మీద పూలెందుకమ్మా?" అని జడ్జి గారు అడిగారు.

"అందం కోసం సార్."

పోతయ్య మావయ్య బోటు జెండా గాలికి చిరిగితే అమ్మ తన పూల చీర ముక్క వేసి కుట్టింది. ఆ పూలే ఆ బోటుకు గుర్తు.

క్లాసులో హాజరు కూడా గట్టిగా పలకని నేను లేచి నిలబడ్డాను. "అందానికి కాదండీ. అది మా అమ్మ చీర. ఆ జెండాలు..." అందరూ నా వైపు తిరిగేసరికి కూర్చుండిపోయాను.

వందనక్క మైకులో నవ్వింది. "మా ఊరి పిల్ల సార్, సిగ్గెక్కువ. ఇలాంటివాళ్లను అడిగి తెలుసుకునే చేశాను."

"శభాష్! జనం దగ్గరికెళ్లి చేశావన్నమాట," అన్నారు జడ్జి గారు.

చప్పట్లు. ఆమెకు ఆ క్యాంపు సీటు నా నోటితో నేనే తెచ్చిపెట్టాను.

బందరు బస్సులో కిటికీ సీటు నాకిచ్చింది. "మొహం అలా పెట్టకే. నీ పేరు పెడితే స్టేజీ ఎక్కి మాట్లాడేదానివా? అయినా అందరి ముందూ నీ గురించి చెప్పాగా!"

"నా పేరు చెప్పలేదక్కా."

"అబ్బో, మాటలొచ్చాయే!"

"నా డైరీ ఇవ్వు."

తీసుకుని, లేచి ముందు సీట్లోకి వెళ్లాను. పక్కన ఖాళీ చేపల గంప ఒళ్లో పెట్టుకుని ఒక మామ్మ. నేను పేజీలు తిప్పుతుంటే పసుపు జెండా మీద వేలు పెట్టింది.

"ఇది పోతయ్య బోటు కదే! ఎవరు గీశారు?"

"నేనే మామ్మా. కుమారిని, వీరదుర్గ కూతుర్ని," అన్నాను, వెనక సీటుకు వినబడేలా.